ఎడిసన్ గదిలో కాకిబంగారం

విహారయాత్ర అయిన మరుసటి సోమవారం 47 కాగితాలు నా బల్ల మీదకు వచ్చాయి. ‘నేను చూసిన సైన్స్ మ్యూజియం’ అనే అంశం మీద ఒక్కొక్కరూ రెండు పేజీలు రాయాలని నేనే చెప్పాను. దిద్దడం మొదలుపెట్టిన పది నిమిషాలకే మనసు చివుక్కుమంది. థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని మిలాన్ అనే ఊళ్ళో పుట్టాడు. 1,093 పేటెంట్లు పొందాడు. వేలసార్లు ఓడిపోయినా పట్టు వదలలేదు. మనం కూడా ఆయనలాగే పట్టుదలతో చదివి పైకి రావాలి. ఇదే వరస, ఇవే మాటలు, 46 కాగితాల్లో. అక్కడి గోడల మీది బోర్డులన్నీ వచ్చి నా బల్ల మీద కూర్చున్నట్టు అనిపించింది. ఒక్క కాగితం మాత్రం వేరుగా ఉంది. దాని దగ్గరకు వస్తాను.

పిల్లలను అనడానికి ఏమీ లేదు. వాళ్ళు నేను చెప్పిన పనే చేశారు. నడుస్తూ నడుస్తూ బోర్డులు ఎత్తి రాసుకున్నారు. రాయడానికి తల వంచినంతసేపూ ఎదురుగా ఉన్న యంత్రం వాళ్ళ కంట పడలేదు. ఆ వ్యాసం పెట్టింది నేను కాబట్టి ఆ తప్పు నాది. అయితే అప్పటి నుంచి నన్ను తొలుస్తున్నది అంతకంటే పెద్ద విషయం. ఒక ఆవిష్కర్త గురించి పిల్లలకు మనం చెప్పే తీరే సరిగా లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. పుట్టుక, పేదరికం, పట్టుదల, పేటెంట్ల లెక్క చెబుతాం. ఏ చిక్కు ఎదురైతే ఏ దారి వెతికాడు, ఆ దారి ఎందుకు కుదిరింది అన్నది చెప్పం. దాంతో శాస్త్రం కాస్తా ఒక పుణ్యపురుషుడి చరిత్ర అయిపోతుంది. దణ్ణం పెట్టుకుని తిరిగి వచ్చేస్తాం.

అరగంట దర్శనం

మాది ఉమ్మడి నెల్లూరు జిల్లాలో సైదాపురం వైపు ఒక పల్లెలోని హైస్కూలు. తెల్లవారుజామున మూడున్నరకే తల్లులు పిల్లలను బడి గేటు దగ్గర వదిలారు. పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు, వాంతులు అవుతాయని ముందుజాగ్రత్తగా నిమ్మకాయలు. సగం మంది రాత్రి నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. ఇంత ఆశగా బయలుదేరిన పిల్లల పట్ల మాకు ఎంత బాధ్యత ఉండాలో ఆ చీకట్లో బస్సు ఎక్కిస్తున్నప్పుడు ఎందుకో బాగా తెలిసింది.

మ్యూజియంలో ఎడిసన్‌కు విడిగా ఒక పెద్ద గది ఉంది. ఎడిసన్ పనిచేసిన మెన్లో పార్క్ ప్రయోగశాలను తలపించే బల్ల, సీసాలు, మాటను పట్టి మళ్ళీ వినిపించే 1877 నాటి తగరపు రేకు ఫోనోగ్రాఫ్ నమూనా, రకరకాల బల్బుల వరుస, ఒక మూలన చేత్తో తిప్పే పాత గ్రామఫోను. మా వంతుకు అరగంట ఇచ్చారు. గదిని చూపించే కుర్రవాడు గొంతు పెంచి గబగబా చెప్పుకుంటూ పోయాడు. అతన్నీ తప్పు పట్టలేను. తలుపు దగ్గర ఇంకో బడి పిల్లలు అప్పటికే వరుసలో నిలబడి ఉన్నారు. ఆ కుర్రవాడు అదే పాఠాన్ని రోజుకు ఎన్నిసార్లు అప్పజెప్పాలో.

బల్బుల వరుస దగ్గర మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. ‘సార్, బల్బులో గాలి తీసేశారు అంటున్నారు కదా. గాజు బుడ్డిలో నుంచి గాలిని ఎలా బయటికి లాగారు?’ అని అడిగింది. ‘పంపుతో తీశారమ్మా, పదండి పదండి’ అన్నాడు అతను. ఆ పిల్ల చెయ్యి దించేసింది. దించిన తర్వాత ఆ ముఖం నేను చూశాను. ఆ గదిలో ఆ రోజు అడిగిన ఒకే ఒక్క అసలైన ప్రశ్న అది. ఆ గాలి తీయడం దగ్గరే చాలామంది ముందువాళ్ళు ఆగిపోయారు. గాలి మిగిలి ఉంటే కాగిన బొగ్గు తీగ కాసేపటికే మండి తెగిపోతుంది.

ఆ తర్వాత గ్రామఫోను. మా పిల్లల్లో ఒక కుర్రవాడు, చదువులో వెనకబడ్డవాడని అందరూ అనేవాడు, దాని ముందు నిలబడి కదలడం లేదు. దగ్గరకు వెళ్తే నా చొక్కా అంచు పట్టుకుని, ‘సార్, ఇది కాకిబంగారం’ అన్నాడు. గ్రామఫోను ముల్లు బిగించే గుండ్రటి డబ్బా ఉంటుంది కదా, దాని ముఖాన పల్చటి బిళ్ళ. నేను గాజు అనుకున్నాను. వంగి చూశాను. దీపం వెలుగు పడితే అంచున పొరలు పొరలుగా మెరుపు కనిపించింది. నిజంగానే అభ్రకం. రికార్డు గాడిలో ముల్లు వణికితే, ఆ వణుకు ఈ బిళ్ళకు చేరి, బిళ్ళ గాలిని కదిపితే పాట వినిపిస్తుంది. ఇనుప రేకు కంటే తేలిక, గట్టితనం ఉంది, పల్చగా చీలుతుంది. అందుకే ఆ రోజుల్లో అభ్రకాన్ని వాడారు. ‘మా అవ్వ చిన్నప్పటి నుంచీ దీన్నే చీల్చేది సార్’ అన్నాడు వాడు. అక్కడ పెట్టిన చీటీ మీద ‘గ్రామఫోను’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు.

(ఆ యంత్రం ఎడిసన్ గదిలో ఎందుకుందో కూడా చెప్పలేదు. చదునైన పళ్ళెం మీద పాటను పట్టే గ్రామఫోను 1887లో ఎమిల్ బెర్లినర్ తెచ్చినది. ఎడిసన్‌ది గొట్టం మీద రేకు చుట్టిన పద్ధతి. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తేడా చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.)

అంతలో ఈల వేశారు. మేము బయటికి వచ్చేశాం. మిగిలిన 46 మందినీ వెనక్కి పిలిచి, ‘ఇదిగో, మన సైదాపురం మట్టిలో దొరికేది ఇక్కడ ఉంది చూడండి’ అని చూపించలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

బస్సులో ఉత్తరం

తిరుగు ప్రయాణంలో మా తెలుగు మాష్టారు మైకు తీసుకుని ఎడిసన్ తల్లి ఉత్తరం కథ చెప్పారు. మీ అందరి ఫోన్లకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది: మీ వాడికి బుర్ర లేదు, బడికి పంపవద్దు అని పంతులు రాసిన ఉత్తరాన్ని తల్లి, మీ వాడు మేధావి, మీరే చదువు చెప్పండి అని మార్చి చదివి వినిపించిందని, ఆమె పోయాక అసలు ఉత్తరం ఎడిసన్ కంట పడిందని. ఆయన చెబితే రాళ్ళు కూడా కరుగుతాయి. బస్సంతా నిశ్శబ్దం. ముందు సీట్లో ఒక అమ్మాయి ఓణీ అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ కథ నిజం కాదు. అలాంటి ఉత్తరం ఏదీ లేదు. ఎడిసన్ పెద్దవాడయ్యాక తన నోటితో చెప్పుకున్న సంగతి ఇంకోలా ఉంది. బడి పంతులు తనను బుర్ర పనిచేయనివాడని ఇంకొకరితో అనడం తానే విన్నాడు. ఏడుస్తూ ఇంటికి వెళ్ళి తల్లికి చెప్పాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని తిన్నగా బడికి వచ్చి, ఆ పంతుల్ని నిలదీసి, వీడికి మీకంటే ఎక్కువ తెలివి ఉందని చెప్పి, పిల్లవాణ్ణి తీసుకుపోయింది. పెళ్ళికి ముందు ఆమె కూడా బడిలో పాఠాలు చెప్పినదే. ఇంట్లో తానే చదువు చెప్పింది. 1871లో ఆమె చనిపోయేనాటికి కొడుక్కి 24 ఏళ్ళు. ఫోనోగ్రాఫ్ గానీ బల్బు గానీ ఆ తల్లి చూడలేదు.

బస్సు దిగాక మాష్టారితో ఈ మాట అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, కాని ఒప్పుకోనూ లేదు. ‘మీరు చెప్పేది నిజమే కావచ్చు. కాని ఆ బస్సులో లెక్కలు తప్పిన పిల్లలు పదిహేను మంది ఉన్నారు. వాళ్ళకు ఈ రాత్రికి కావలసింది ధైర్యం. మీ ఓం నియమం వాళ్ళకు ధైర్యం ఇస్తుందా?’ అని అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన మాటలో బరువుంది. ఆరేడేళ్ళ కిందట నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు ఆ ఉత్తరం కథను నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకుని ఉండేవాడు. ఇంట్లో వాణ్ణి మొద్దు అనేవాళ్ళు. ఆ కథ అబద్ధమని వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అయినా రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఉత్తరం కథలో తల్లి నిజాన్ని దాచిపెడుతుంది. కొడుకు తనను ఎవరూ ఏమీ అనలేదని నమ్మి ఎదుగుతాడు. మా పిల్లలకు అలాంటి అదృష్టం లేదు. మొద్దు అన్న మాట వాళ్ళు చెవులారా విన్నారు, రోజూ వింటున్నారు. వాళ్ళకు పనికివచ్చేది అసలు కథే. పిల్లవాడు ఆ మాట విన్నాడు, తల్లి వాడి కళ్ళ ముందే నిలబడి కాదని చెప్పింది. మా బడికి వచ్చి అలా నిలదీసే తల్లి ఒక్కరైనా ఉండాలని నా కోరిక. ఆ నిలదీత నా మీదే అయినా సరే.

రాగి తీగ లెక్క

ఇక ఓం నియమం, అంటే వోల్టేజీకీ కరెంటుకూ తీగ నిరోధానికీ మధ్య ఉన్న లెక్క. అది ధైర్యం ఇస్తుందా అని మాష్టారు అడిగారు కదా. ఇస్తుందనే నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

కరెంటుతో తీగను ఎర్రగా కాల్చి వెలుగు పుట్టించవచ్చని ఎడిసన్ కంటే ఎన్నో ఏళ్ళ ముందే తెలుసు. ఇంగ్లాండులో జోసెఫ్ స్వాన్ అదే కాలంలో బొగ్గు తీగ దీపం వెలిగించి చూపించాడు. తర్వాత 1883లో ఇద్దరూ కలిసి అక్కడ కంపెనీ పెట్టుకున్నారు. మరి ఎడిసన్ పట్టుకున్న కీలకం ఏమిటి? ఒక్క దీపాన్ని గురించి ఆలోచించకుండా ఊరంతా దీపాలు వెలిగించాలంటే ఎంత రాగి కావాలి అని లెక్క వేయడం. ఈ లెక్క పదో తరగతి పిల్లలు చేయగలరు. ఆ మంగళవారం బోర్డు మీద చేయించాను.

దీపానికి 100 వాట్లు కావాలనుకుందాం. 10 వోల్టుల మీద వెలిగిస్తే 10 ఆంపియర్లు పారాలి, తీగ నిరోధం 1 ఓమ్. అదే 100 వోల్టుల మీద అయితే 1 ఆంపియరు చాలు, తీగ నిరోధం 100 ఓమ్‌లు. వెలుగు ఒకటే. కాని వీధి తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు పదో వంతు అయితే నష్టం నూరో వంతు. అంటే అంతే నష్టానికి అడ్డుకోత వైశాల్యం నూరో వంతు ఉన్న తీగ, అంటే నూరో వంతు రాగి, సరిపోతుంది. బల్బులో తీగ సన్నగా, నిరోధం ఎక్కువగా ఉండాలని ఎడిసన్ పట్టుబట్టింది ఇందుకే. సుద్దముక్క కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి వెనక బెంచీల్లో ఒకడు, ‘అంటే డబ్బుల లెక్కా సార్?’ అన్నాడు. అవును, డబ్బుల లెక్కే. వాడు చేపల చెరువులకు మోటార్లు పెట్టే ఇంటి పిల్లవాడు. తీగ సన్నదైతే మోటారు కాలుతుందని వాడికి మా అందరికంటే బాగా తెలుసు. ఆ పూట వాడు మొదటిసారి బోర్డు దగ్గరకు తనంతట తాను వచ్చాడు.

గాలి సంగతి అడిగిన అమ్మాయికి కూడా జవాబు బాకీ పడ్డాం కదా. హెర్మన్ స్ప్రెంగెల్ 1865లో చేసిన పాదరసపు పంపు అది. సన్నటి నిలువు గొట్టంలో పాదరసం చుక్కచుక్కగా పడుతుంది. ప్రతి రెండు చుక్కల నడుమా కాస్త గాలి చిక్కుకుని కిందికి పోతుంది. బరువైన పాదరసాన్ని దాటి మళ్ళీ పైకి రాలేదు. ఇలా గంటల తరబడి. సెలైన్ గొట్టంలో నీటికీ నీటికీ మధ్య గాలి బుడగ ఇరుక్కుని జారడం చూశారు కదా, అలాంటిదే అన్నాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఊరుకుని, ‘మరి చివరికి మిగిలిన కొంచెం గాలి?’ అని అడిగింది. పూర్తిగా పోదని, ఎంతో కొంత మిగులుతూనే ఉంటుందని, తీగను వేడి చేస్తూ గాలి తీస్తే దానిలో దాగినది కూడా బయటికి వస్తుందని చెప్పాను. ఆ రోజు ఆ పిల్ల చెయ్యి ఎంతసేపూ దిగలేదు.

ఇది ధైర్యం కాదా? తనకు తట్టిన ప్రశ్నే మెన్లో పార్కులో పనిచేసినవాళ్ళకూ తట్టిందని తెలియడం?

ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు

మ్యూజియంలో బల్ల ముందు ఒక్క ఎడిసన్ బొమ్మే కూర్చుని ఉంది. నిజంగా ఆ ప్రయోగశాలలో లెక్కలు వేయడానికి ఫ్రాన్సిస్ అప్టన్ ఉన్నాడు. చేతిపనిలో కుడిభుజం లాంటి చార్లెస్ బ్యాచిలర్ ఉన్నాడు. గీసిచ్చిన బొమ్మను చూసి ఫోనోగ్రాఫ్‌ను చేతులతో తయారుచేసింది జాన్ క్రూసీ. గాజు ఊది బుడ్డీలు చేసిన లుడ్విగ్ బోమ్ లేకపోతే గాలి తీయడానికి బల్బే లేదు. గాజు ఊదేవాడికి, లోహం సానపట్టేవాడికి అక్కడ లెక్కల పండితుడి పక్కనే చోటు ఉండేది. మా పిల్లల నాన్నలు వెల్డింగు పని, మోటారు రివైండింగు పని, రాళ్ళు కోసే పని చేస్తారు. వాళ్ళ చేతిపనికీ శాస్త్రానికీ సంబంధం ఉందని చెప్పే బొమ్మ ఆ బల్ల దగ్గర ఒక్కటి ఉన్నా బాగుండేది.

వీళ్ళందరిలో నాకు అమితంగా నచ్చినవాడు జేమ్స్ రికాల్టన్. న్యూజెర్సీలో బడిపంతులు. నూలు దారం బొగ్గు తీగ 1879 అక్టోబరులో 13 గంటలకు పైగా వెలిగాక, ఇంకా మేలైనది కావాలని వెతికితే జపాను వెదురు బాగా పనికివచ్చింది. అంతకంటే మంచి వెదురు ఎక్కడైనా ఉందేమోనని 1888లో ఎడిసన్ ఈ పంతుల్ని ఆసియాకు పంపాడు. సింహళం, భారతదేశం, బర్మా, ఇంకా తూర్పు దేశాలు ఏడాది పాటు తిరిగాడు. అతను తిరిగి వెళ్ళేసరికి కృత్రిమంగా తయారుచేసిన తీగలు రావడం మొదలై, వెదురు అవసరమే తగ్గిపోయింది. ఇంత నడిచిన మనిషి పని ఎవరికీ అక్కరకు రాలేదు. అయినా వేలసార్లు ఓడిపోయాడు అని మనం చెప్పే ఓటమి అంటే ఇదే. ఒక మనిషి బూట్లు అరిగేలా తిరిగి, గడ్డి పరకలు పోగుచేసి, చివరికి అది అక్కర్లేదని తెలుసుకోవడం. ఓటమికి ఒక ముఖం, ఒక కారణం ఉంటే పిల్లలకు అర్థమవుతుంది. ‘వేలసార్లు’ అన్న లెక్క దగ్గర అర్థం కావడానికి ఏమీ లేదు.

పదో తరగతిలో ఇంకో జట్టు ఉంది. వాళ్ళు ఫోన్లలో వీడియోలు చూసి, ఎడిసన్ దొంగ, అసలు గొప్పవాడు ఏకాంతర విద్యుత్తుతో (ఏసీ) నడిచే మోటారు చేసిన టెస్లా అని వాదిస్తారు. వాళ్ళను నేను కసరలేదు. ఒకే దిక్కున పారే ఏకముఖ విద్యుత్తు (డీసీ) గొప్పదని చూపడానికి ఎడిసన్ పక్షం చేసిన ప్రచారం మంచిది కాదన్నది నిజమే. కాని దేవుడి పీఠం మీద ఇంకొకరిని కూర్చోబెడితే ఆ పీఠం మిగిలిపోతుంది. దూరాలకు కరెంటు పంపడానికి ఏకాంతర విద్యుత్తు ఎందుకు సులువు అని అడిగితే ఆ జట్టులో ఎవరూ చెప్పలేకపోయారు. వోల్టేజీ పెంచే లెక్క మళ్ళీ అదే రాగి తీగ లెక్క. ఒక పీరియడు దానికీ ఇచ్చాను.

నా అనుమానాలు

ఇదంతా చెబుతున్నాను కాని, ఒక్క యాత్ర మీద ఇంత బరువు పెట్టడం న్యాయమా అని నాలో నేనే వాదించుకుంటున్నాను. మా పిల్లల్లో ముప్పై మందికి అది నెల్లూరు దాటిన మొదటి ప్రయాణం. ఇంటికి వెళ్ళి చెప్పుకున్న కబుర్లలో ఎడిసన్ ఉండకపోవచ్చు, కదిలే మెట్లు ఉండవచ్చు. అది కూడా విలువైనదే. అరగంటలో పాదరసపు పంపు గురించి చెప్పడం ఏ గైడుకూ సాధ్యం కాదు. పరీక్షలో జీవిత చరిత్ర అడుగుతారు గాని, రాగి తీగ మందం అడగరు. పైగా నా దగ్గర బాగా ఆడినవి రెండు పీరియడ్లు. మిగిలిన పిల్లల్లో ఎంతమంది విన్నారో, ఎంతమంది గడియారం చూశారో నాకు తెలుసు.

అయినా ఒక మార్పు మా చేతిలో ఉంది. వచ్చే ఏడాది పిల్లలకు నోటు పుస్తకాలు ఇవ్వను. వెళ్ళే ముందు వారం, అక్కడ కనిపించే వస్తువుల్లో ఒక్కటి, కేవలం ఒక్కటి, బడిలోనే విప్పి చూపిస్తాం. అక్కడ ఎవరికి నచ్చిన యంత్రం ముందు వాళ్ళు పావుగంట నిలబడాలి. మిగిలినవి చూడకపోయినా ఫరవాలేదు. మా ప్రధానోపాధ్యాయులు ఇంకా సరే అనలేదు. టికెట్టు డబ్బు పెట్టి ఒక్కటే చూడడమా అంటున్నారు. వాదిస్తూనే ఉన్నాను.

నలభై ఏడో కాగితం

ఆ కాగితం గ్రామఫోను దగ్గర నిలబడినవాడిది. రెండు పేజీలు లేవు, తొమ్మిది వరసలు. పుట్టిన తేదీ లేదు, పేటెంట్లు లేవు. పాట యంత్రంలో కాకిబంగారం బిళ్ళ ఉందని, దాన్ని తన అవ్వ చీల్చేదని, అంత పల్చగా చీల్చాలంటే చిన్న కత్తి మొనను మూలన పెట్టి గాలి దూరినట్టు నెట్టాలని రాశాడు. అక్షరదోషాలు పదకొండు. వాటిని దిద్దకుండా వదిలేశాను.

ఆ శనివారం అవ్వను బడికి పిలిపించాం. మొదట రానంది. తనకు చదువు రాదంది. మనవడు చెయ్యి పట్టుకుని తెచ్చాడు. వరండాలో గోనెపట్టా మీద కూర్చుని, కొంగున మూటకట్టి తెచ్చిన అరచేయి అంత అభ్రకం ముక్కను, ఆకుపచ్చ ఛాయ ఉన్నదాన్ని, తీసింది. ఏళ్ళ తరబడి ఆ పని మానేసినా వేళ్ళు మరచిపోలేదు. కత్తి మొన పెట్టింది, చిన్నగా ఊదింది, ఒక పొర లేచింది. దానిలో నుంచి మరొకటి. చివరికి చేతిలో ఉన్నది వెలుగుకు అడ్డు పెడితే తప్ప కనిపించడం లేదు. పిల్లలు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూశారు.

నేను అప్పటికే ఒక పాత ఇస్త్రీపెట్టె విప్పి పెట్టాను. లోపల కాగే తీగ చుట్టి ఉన్న పలక అభ్రకమే. వేడిని తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు. మనవడు దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టి, ‘అవ్వా, నీది ఇందులోకి పోయేది’ అన్నాడు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. అంచును గోటితో మీటింది.

‘ఎక్కడికి పోతుందో మాకెవరూ చెప్పలేదు నాయనా. లారీలోకి ఎక్కించేవాళ్ళు. గూడూరుకు పోతుందనేవాళ్ళు, అంతే’ అంది. మళ్ళీ ఆ పలక వంక చూసి, ‘దీన్ని చీల్చినవాళ్ళకు పని సరిగా రాదు. మందంగా వదిలేశారు’ అని మనవడికి చూపించింది.

గాలి సంగతి అడిగిన అమ్మాయి ముందుకు జరిగి, ‘ఎంత మందం ఉండాలో నీకెలా తెలిసేది అవ్వా?’ అని అడిగింది. అవ్వ ఆ పిల్ల చేతిని దగ్గరకు లాక్కుని, కత్తిని దాని వేళ్ళ మధ్య పెట్టింది.